జీపీఎల్ వి2, అపాచీ, నాన్-కమర్షియల్ డేటా అన్నీ ఒకే యాప్‌లో ఉన్నాయి. లైసెన్సుల చిక్కు ఎలా విప్పాలి?

నిఘంటువు_లెక్చరర్

అందరికీ నమస్కారం. కాస్త పొడుగు ప్రశ్న, ఓపిగ్గా చదవండి.

నేను రాజమండ్రి దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్స్ చెప్తాను. మా దగ్గర ఆఫ్‌లైన్‌లో పనిచేసే తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు యాప్ ఉంది. ఎప్పుడో మొదలైంది, తలా ఒక బ్యాచ్ పిల్లలు తలా ఒక ముక్క కలిపారు. ముందు చూసుకున్న సార్ బదిలీ అయ్యాక నిరుడు నా చేతికొచ్చింది. ఈ యాప్ ప్రత్యేకత సంధులు విడదీసే ఇంజిన్. "రామాలయమెక్కడుందో" అని కొడితే "రామాలయము, ఎక్కడ, ఉందో" అని మూడు ముక్కలు చేసి దేని అర్థం దానికి చూపిస్తుంది. ఆ ఇంజిన్ రాసింది కాలేజీ వాళ్లు కాదు. బ్యాంకులో రిటైరైన ఒక పెద్దాయన సి నేర్చుకుని మరీ రాశారు. కామెంట్లలో ఏ వ్యాకరణ సూత్రం ఎక్కడ వాడారో నంబర్లతో సహా ఉంటుంది. ఆయన ఈమధ్యే కాలం చేశారు.

పిల్లలకి దీన్ని ఎఫ్-డ్రాయిడ్‌లో (ఓపెన్‌సోర్స్ యాప్‌ల స్టోర్) పెట్టాలని పట్టుదల. సరే, పంపేముందు లైసెన్సులు ఒకసారి చూద్దామని కూర్చుంటే తల తిరిగిపోయింది.

రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైలు) "ఎంఐటీ లైసెన్స్" అని ఉంది, అంటే నోటీసు ఉంచి ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చు. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో తెలీదు. సంధి ఇంజిన్ ఫోల్డర్‌లో కాపీయింగ్ అనే ఫైలులో జీపీఎల్ వెర్షన్ 2 పాఠం ఉంది, అంటే దీన్ని కలిపి పంచే ప్రోగ్రామ్ కూడా జీపీఎల్‌లోనే ఉండాలి. అక్షర దోషాలతో కొట్టినా మాట దొరికేలా వెతికే లైబ్రరీ అపాచీ 2.0, ఇదీ ఎంఐటీ లాంటి ఉదారమైన లైసెన్సే. మాటల అర్థాలు సగం విక్షనరీ నుంచి, అంటే సీసీ (క్రియేటివ్ కామన్స్) బై-ఎస్ఏ, రచయితల పేరు చెప్పి అదే లైసెన్స్‌తో పంచాలి. మిగతా సగం ఒక వెబ్‌సైట్ నుంచి తెచ్చారట, అది సీసీ బై-ఎన్‌సీ-ఎస్ఏ, అంటే వ్యాపారానికి వాడకూడదు. ఫాంట్ మండలి, అది ఓఎఫ్ఎల్ (ఓపెన్ ఫాంట్ లైసెన్స్). సైజు తగ్గించడానికి ఇంగ్లిష్ అక్షరాలు పీకేసి పెట్టారు.

అపాచీ 2.0, జీపీఎల్ వి2 కలవవని చదివాను. నిజమేనా? నిజమైతే పెద్దాయన కోడ్ తీసేయాలా? అది తీసేస్తే ఈ యాప్‌కీ మామూలు వర్డ్‌లిస్టుకీ తేడా ఉండదు. "సార్, మొత్తం ఎంఐటీ అని రాసేద్దాం, పోతుంది" అంటున్నాడు ఒక కుర్రాడు. కుదురుతుందా?

---

రస్ట్_రాజ్యం

సార్, ఏమనుకోకండి, ఇంత చిన్న యాప్ మీద కేసు వేసేదెవరు? పెట్టేయండి. అంత టెన్షన్ అయితే ఇంజిన్‌ని రస్ట్ భాషలో మళ్లీ రాసి ఎంఐటీ పెట్టుకోండి. పాత సి కోడ్ ఎలాగూ మెయింటెయిన్ చేయలేరు.

---

పాత_ఆడిటర్

లెక్చరర్ గారూ, నేను హైదరాబాద్‌లో చాలాకాలం ఈ పనే చేశాను. క్లయింట్‌కి సాఫ్ట్‌వేర్ వెళ్లే ముందు అందులో ఎవరెవరి కోడ్ ఉందో తవ్వి తీసే పని. మీ కేసు వినడానికి భయంగా ఉంది కానీ నాకు అంత పెద్దగా కనపడట్లేదు. ఎందుకో చెప్తాను.

ముందు ఆ ఎంఐటీ సంగతి. రాసినవాడికే లైసెన్స్ ఇచ్చే హక్కు. రీడ్‌మీలో ఎవరో ఎంఐటీ అని రాసినంత మాత్రాన పెద్దాయన కోడ్ ఎంఐటీ అయిపోదు, విక్షనరీ అర్థాలూ అయిపోవు. ఉమ్మడి ఆస్తిని ఒక అన్నదమ్ముడు సంతకం పెట్టి అమ్మేస్తే ఎంత చెల్లుతుందో ఇదీ అంతే. పిల్లలు సొంతంగా రాసిన స్క్రీన్లు, బటన్ల కోడ్ వరకు ఎంఐటీ కావచ్చు. అది మంచిదే, ఎంఐటీ కోడ్ జీపీఎల్‌తో హాయిగా కలిసిపోతుంది, వాళ్ల కాపీరైట్ నోటీసు తీసేయకుండా ఉంచితే చాలు.

అపాచీ, జీపీఎల్ వి2 కలవవు అన్నది నిజం. జీపీఎల్ రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషనే ఆ మాట చెప్తుంది. కారణం పేటెంట్లు. 2004 లో వచ్చిన అపాచీ 2.0 లో, నువ్వు ఈ సాఫ్ట్‌వేర్ మీద పేటెంట్ దావా వేస్తే నీకిచ్చిన పేటెంట్ లైసెన్స్ రద్దు అనే షరతు ఉంది. 1991 నాటి జీపీఎల్ వి2 లో 6వ సెక్షన్ ఏమంటుందంటే, నేను పెట్టినవి కాక అదనంగా ఏ షరతూ పెట్టకూడదు అంటుంది. ఆ అదనపు షరతు దగ్గరే తేడా వచ్చింది. 2007 లో వెర్షన్ 3 రాసేటప్పుడు దీన్ని సర్దారు. కాబట్టి అపాచీ కోడ్ జీపీఎల్ వి3 లోకి రావచ్చు. జీపీఎల్ కోడ్ అపాచీలోకి వెళ్లడానికి వీల్లేదు. ఒకవైపు దారి.

అంటే మీ అసలు ప్రశ్న "అపాచీయా జీపీఎలా" కాదండీ. సంధి ఇంజిన్‌లో ఏ ఫైలు వెర్షన్ 3 కి వెళ్లగలదు, ఏది వెళ్లలేదు? అదొక్కటే. కాపీయింగ్ ఫైలులో వి2 పాఠం ఉండటం వేరు, "వి2 మాత్రమే" అనడం వేరు. ఒక్కో ఫైలు తెరిచి మొదటి ఇరవై లైన్లు చదవండి. "వెర్షన్ 2, లేదా మీ ఇష్టం మేరకు ఆ తర్వాతి ఏ వెర్షన్ అయినా" అని ఉంటే ఆ ఫైలు గండం దాటినట్టే, వి3 ఎంచుకోవచ్చు. వెర్షన్ నంబరు ఏదీ లేకుండా ఊరికే "జీపీఎల్" అని ఉంటే, వి2 లోనే 9వ సెక్షన్ చివర్లో ఒక వాక్యం ఉంది: ప్రోగ్రామ్ వెర్షన్ చెప్పకపోతే ఫౌండేషన్ ప్రచురించిన ఏ వెర్షన్ అయినా ఎంచుకోవచ్చు. "వెర్షన్ 2 మాత్రమే" అని స్పష్టంగా ఉన్న ఫైలు దగ్గర మాత్రం ఆగాలి. లినక్స్ కెర్నెల్ ఉన్నది అలాగే.

ఈ "మాత్రమే" ఎంత పని చేస్తుందో చూడాలంటే లిబ్రెక్యాడ్ (ఇంజినీరింగ్ డ్రాయింగులు గీసే ప్రోగ్రామ్) కథ చూడండి. అది క్యూక్యాడ్ పాత జీపీఎల్ వి2 కోడ్ మీద కట్టింది. ఆటోక్యాడ్ డీడబ్ల్యూజీ ఫైళ్లు చదివే లిబ్రెడీడబ్ల్యూజీ లైబ్రరీ ఏమో జీపీఎల్ వి3. రెండూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే, రెండూ జీపీఎలే, అయినా ఒకదాన్ని ఒకటి వాడుకోలేకపోయాయి. లైసెన్స్ మార్చమంటే ఫౌండేషన్ ఒప్పుకోలేదు. చివరికి లిబ్రెక్యాడ్ వాళ్లు సొంత లైబ్రరీ రాసుకోవాల్సి వచ్చింది. మనవాళ్లు జీపీఎల్ అనగానే ఒక్కటే అనుకుంటారు. కాదు.

డేటా గురించి: విక్షనరీ అర్థాలు కోడ్‌లో కలిసిపోలేదు కదా, వేరే ఫైలుగా ఉండి యాప్ చదువుతుంది కదా? అలా అయితే అది దాని లైసెన్స్‌తోనే పక్కన కూర్చోవచ్చు. ఒకే డబ్బాలో పెట్టి పంచినంత మాత్రాన ఒకే రచన అయిపోదని జీపీఎల్ వి2 రెండో సెక్షన్‌లోనే ఉంది. "అర్థాలు: విక్షనరీ రచయితలు, సీసీ బై-ఎస్ఏ" అని ఎబౌట్ పేజీలో లింకుతో సహా పెట్టండి. మీరు దింపుకున్న విక్షనరీ డేటా (డంప్) 2023 జూన్‌కి ముందుదైతే వెర్షన్ 3.0, తర్వాతదైతే 4.0, ఏదో చూసి రాయండి. ఎవరైనా ఆ అర్థాల్ని కోడ్ ఫైళ్లలో స్ట్రింగులుగా కొట్టి ఉంటే చెప్పండి, అది వేరే సంగతి. దానికీ దారుంది, బై-ఎస్ఏ 4.0 నుంచి జీపీఎల్ వి3 కి మారవచ్చని 2015 లోనే క్రియేటివ్ కామన్స్ ప్రకటించింది. ఇదీ ఒకవైపు దారే, ఇదీ వి3 కే.

నాన్-కమర్షియల్ లిస్టు మాత్రం నాకు నచ్చలేదు. ఎఫ్-డ్రాయిడ్‌లో అలాంటి డేటా ఉంటే యాప్ మీద హెచ్చరిక ముద్ర పడుతుంది. డెబియన్ లినక్స్‌లో అయితే మెయిన్ అనే అసలు విభాగంలోకి రానివ్వరు. రేపు ఎవరైనా మీ యాప్‌ని ట్యాబ్‌లో వేసి బళ్లకి అమ్మాలన్నా ఇదే అడ్డం. దీన్ని తీసేసి వేరేది వెతకడమే మంచిది.

రస్ట్_రాజ్యం గారూ, "కేసు వేసేదెవరు" అనే ప్రశ్న నా పాత ఆఫీసులో రోజూ వినేవాణ్ని. కేసు కాదు సమస్య. ఇంకొకడు మీ కోడ్ వాడుకోవాలంటే వాడి ఆడిటర్ నాలాంటివాడే ఉంటాడు, వద్దంటాడు. ఇక ఆయన కోడ్ ముందు పెట్టుకుని రస్ట్‌లోకి మార్చితే అది అనువాదం. అనువాదానికీ మూల రచయిత లైసెన్సే వర్తిస్తుంది.

---

ఫాంట్ల_పిచ్చి

ఫాంట్ ముక్క నేను చెప్తా. ఓఎఫ్ఎల్ ఫాంట్‌ని యాప్‌తో కలిపి ఇవ్వడానికి ఏ అడ్డూ లేదు, యాప్ ఏ లైసెన్స్ అయినా సరే. ఫాంట్‌ని విడిగా దానొక్కదాన్నే అమ్మకూడదు, అంతే. కానీ అక్షరాలు పీకేయడం కూడా మార్పు కిందే లెక్క. ఓఎఫ్ఎల్ పాఠం ఉన్న ఫైలులో మొదటి లైన్ చూడండి, అక్కడ "రిజర్వ్‌డ్ ఫాంట్ నేమ్" అని ఏదైనా పేరు ఉంటే, మార్చిన ఫాంట్‌కి ఆ పేరు పెట్టకూడదు. లేకపోతే గొడవే లేదు. నన్నడిగితే పూర్తి ఫాంటే పెట్టేయండి, మిగిలేది కొన్ని కేబీలు. దానికోసం ఈ తలనొప్పి ఎందుకు?

లైసెన్స్ మారడం కొత్తేం కాదు. లోహిత్ అనే భారతీయ భాషల ఫాంట్లు మొదట జీపీఎల్, 2011 లో ఓఎఫ్ఎల్‌కి మారాయి.

---

లా_చదివిన_కోడర్

ఆడిటర్ గారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను, 9వ సెక్షన్ దగ్గర తప్ప. ఫైలులో "జీపీఎల్, కాపీయింగ్ చూడండి" అని ఉండి, ఆ కాపీయింగ్‌లో వెర్షన్ 2 పాఠం ఉంటే, వెర్షన్ చెప్పినట్టా, చెప్పనట్టా? దీనిమీద పెద్దవాళ్లే రెండు రకాలుగా వాదించారు. ఆ ఒక్క వాక్యం మీద ప్రాజెక్టు మొత్తం నిలబెట్టకండి. రచయిత లేరు, నిజమే. హక్కు మాత్రం ఉంది. మన కాపీరైట్ చట్టం 1957 లో ప్రోగ్రాములు సాహిత్య రచనల కిందికి వస్తాయి, రచయిత పోయాక ఇంకా 60 ఏళ్లు హక్కు ఉంటుంది. అది వారసులకి వెళ్తుంది. విల్లు లేకపోతే, హిందూ వారసత్వ చట్టం వర్తించే కుటుంబమైతే భార్య, కొడుకులు, కూతుళ్లు, ఆయన తల్లి బతికుంటే ఆమె కూడా, అందరూ సమాన వారసులు. కాబట్టి ఒక్క కొడుకు ఓకే అంటే సరిపోదు.

ఇంకొకటి చాలామందికి తెలీదు. ఇంటర్నెట్‌లో దొరికే అమెరికా నమూనా పత్రం తెచ్చి సంతకాలు తీసుకోకండి. మన చట్టం 19వ సెక్షన్ ప్రకారం బదిలీ పత్రంలో కాలం రాయకపోతే 5 ఏళ్లే అనుకుంటారు. ఎక్కడెక్కడ వర్తిస్తుందో రాయకపోతే ఇండియా వరకే అనుకుంటారు. 30ఎ ద్వారా ఇవే నియమాలు లైసెన్సులకీ వర్తిస్తాయి. ఎఫ్-డ్రాయిడ్ నుంచి అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లు దింపుకుంటారు కదా. "ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంత కాలం" అని రెండు ముక్కలూ రాయించండి. హక్కులు మీకు రాసిమ్మని అడగకండి. అనుమతి చాలు. ఆస్తి కాగితం అనుకుని భయపడతారు.

పిల్లల కోడ్‌లో కూడా ఒకటి చూడండి. చదువుకుంటూ రాసింది వాళ్లదే. ఉద్యోగంలో చేరాక, ఆ ఉద్యోగంలో భాగంగా రాసింది అయితే 17వ సెక్షన్ ప్రకారం మొదటి హక్కుదారు కంపెనీ. కమిట్లలో (కోడ్ మార్పుల రికార్డులో) ఆఫీసు ఈమెయిల్స్ ఏమైనా ఉన్నాయా?

నాన్-కమర్షియల్ లిస్టు ఏదో ముద్రిత నిఘంటువు నుంచి కొట్టిందా? బ్రౌన్ నిఘంటువు అయితే దాని మీద ఇప్పుడు ఎవరికీ కాపీరైట్ లేదు. మొదటి ముద్రణ 1852, సవరించిన ముద్రణ 1903. ఆ సవరణలో చేయి వేసినవాళ్లలో మీ రాజమండ్రి వీరేశలింగం గారు కూడా ఉన్నారు. పాత పుస్తకాన్ని ఉన్నదున్నట్టు టైపు చేసిన శ్రమకే కొత్త కాపీరైట్ రాదు, కాస్త నైపుణ్యం, విచక్షణ కనిపించాలి అని ఈస్టర్న్ బుక్ కంపెనీ, మోదక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఆ సైట్‌వాళ్లు సొంతగా చేర్చిన అర్థాలు, ఉదాహరణలు ఉంటే అవి వాళ్లవే. ఏది బ్రౌన్‌ది, ఏది వాళ్లది అని విడదీయడం కన్నా స్కాన్ నుంచి మీరే తీసుకోవడం శుభ్రం.

---

రస్ట్_రాజ్యం

ఇన్ని సెక్షన్లా. ఒక మెయిల్ అందరికీ కొట్టి "పది రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే" అంటే పోలా?

---

పాత_ఆడిటర్

మీరన్నట్టే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఇంటర్నెట్ ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) వాళ్లు చేశారండీ. 2017 మార్చిలో దాదాపు 400 మంది కంట్రిబ్యూటర్లకి మెయిల్ పెట్టి, జవాబు రాకపోతే అభ్యంతరం లేదనుకుంటాం అన్నారు. దుమారం లేచింది. చివరికి లైసెన్స్ మార్చారు, అపాచీ కింద 3.0 వెర్షన్ వచ్చేసరికి 2021 సెప్టెంబర్ అయింది. మౌనం అర్ధాంగీకారం అనేది పెళ్లిచూపుల్లో చెల్లుతుందేమో, కాపీరైట్‌లో చెల్లదు.

మనుషుల్ని వెతుక్కుంటూ వెళ్లి అడిగినవాళ్లు ఉన్నారు. వీఎల్‌సీ ప్లేయర్ ఇంజిన్‌ని జీపీఎల్ నుంచి దానికన్నా సడలింపు ఉన్న ఎల్‌జీపీఎల్‌కి మార్చడానికి చాలామంది డెవలపర్ల అనుమతి తెచ్చుకున్నారు. 2011 చివరికి ఆ ముక్క పూర్తయింది. అందరూ కలిసి గీసే మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాళ్లు 2012 లో లైసెన్స్ మార్చినప్పుడు, ఒప్పుకోనివాళ్ల రోడ్లు మ్యాప్‌లోంచి తీసేశారు. అక్కడ ఊళ్లకి ఊళ్లు మాయమయ్యాయని బాధపడ్డవాళ్లున్నారు, కానీ తీసేశారు. ఒప్పించాలి, లేదా తీసేయాలి. మూడోది లేదు.

లా_చదివిన_కోడర్ గారు 9వ సెక్షన్ గురించి అన్నది సబబే. కుటుంబం అందుబాటులో ఉన్నప్పుడు వాదన మీద ఆధారపడటమెందుకు, కాగితమే తెచ్చుకోవచ్చు.

---

నిఘంటువు_లెక్చరర్

అందరికీ ధన్యవాదాలు. ఆడిటర్ గారు చెప్పినట్టు పిల్లల్ని కూర్చోబెట్టి ఫైలు ఫైలుగా తెరిపించాను. గిట్ హిస్టరీలో (కోడ్ మార్పుల చరిత్ర) ఎవరు ఏ ఫైలు ఎప్పుడు తెచ్చారో కూడా రాయించాను. పిల్లలకి ఇది క్లాసు కన్నా ఇంట్రెస్టింగ్‌గా అనిపించింది, ఏ లైను ఎవరు రాశారో చూపించే గిట్ బ్లేమ్ అనే కమాండ్ పేరుకి మాత్రం చాలాసేపు నవ్వుకున్నారు.

తేలింది ఇది. పెద్దాయన ఫైళ్లలో ఎక్కువ భాగం "వెర్షన్ 2 లేదా ఆ తర్వాతిది ఏదైనా" అని ఇంగ్లిష్‌లో పూర్తి నోటీసుతో ఉన్నాయి. రెండు ఫైళ్లలో, ద్రుత సంధులవి, ఆయన తెలుగులో ఒక్క లైను రాశారు: "ఇది జీపీఎల్. కాపీయింగ్ చూడగలరు." వెర్షన్ లేదు. మరి "వెర్షన్ 2 మాత్రమే" అని ఉన్నది ఏది అనుకున్నారు? ఒక హాష్ టేబుల్! ధాతువులని గబగబా వెతకడానికి ఏదో పాత టెక్స్ట్ టూల్ నుంచి ఆయన తెచ్చుకున్న ఫైలు. పైన అసలు రచయిత పేరు, "మాత్రమే" అనే మాట రెండూ ఉన్నాయి. ఆ రచయితకి మెయిల్ చేస్తే తిరిగొచ్చింది.

ఆఫీసు ఈమెయిల్‌తో కమిట్లు చేసింది ఒక పూర్వ విద్యార్థి. సెలవు రోజుల్లో సొంత ల్యాప్‌టాప్‌లో చేశానని, ఆ పనికీ ఉద్యోగానికీ సంబంధం లేదని అంటున్నాడు. మాటతో సరిపోతుందా?

అర్థాలు కోడ్‌లో ఎక్కడా లేవు, వేరే డేటాబేస్ ఫైలే. నాన్-కమర్షియల్ లిస్టు తీసేశాం. దానివల్ల చాలా మాటలకి ప్రస్తుతానికి "అర్థం లేదు" అని వస్తోంది. ఈ సెలవుల్లో బ్రౌన్ 1903 స్కాన్ నుంచి అక్షరాల వారీగా పంచుకుని ఎక్కిద్దామని ప్లాన్. "క" ఎవరికీ వద్దట.

పెద్దాయన ఇంటికి వెళ్లొచ్చాను. వాళ్లావిడ, అబ్బాయి, అమ్మాయి ఉన్నారు, ఆయన తల్లి లేరు, విల్లు రాయలేదట. అమ్మాయి హ్యూస్టన్‌లో ఉంది. ఆవిడ మొదట అడిగింది ఒకటే, "ఆయన పేరు ఉంటుందా, తీసేస్తారా?" అని. ఉంటుందని చెప్పాను. అబ్బాయి వాట్సాప్‌లో "ఓకే అండి, నో ప్రాబ్లమ్" అని పంపాడు. సరిపోతుందా? నేను రాసిన ఉత్తరం కింద పెడుతున్నాను, దిద్దండి.

"గౌరవనీయులకు, మీ కుటుంబ సభ్యులు రాసిన సంధి విశ్లేషణ ప్రోగ్రామును మా కళాశాల నిఘంటువులో వాడుతున్నాము. దాని సర్వహక్కులను కళాశాల పేరిట బదిలీ చేయవలసిందిగా ప్రార్థన."

---

లా_చదివిన_కోడర్

అయ్యో, "సర్వహక్కులు బదిలీ" తీసేయండి. అది చూస్తే ఎవరైనా లాయర్ దగ్గరికి పరిగెడతారు, పైగా కాలం, ప్రదేశం రెండూ లేవు. ఇలా రాసి చూడండి:

"మా నాన్నగారు (నా భర్త) రాసిన సంధి విశ్లేషణ ప్రోగ్రాము ఫైళ్లను (జాబితా కింద ఉంది) జీపీఎల్ వెర్షన్ 2 లేదా ఆ తర్వాత వచ్చిన, రాబోయే ఏ వెర్షన్ కింద అయినా ఎవరైనా వాడుకోవడానికి, మార్చుకోవడానికి, పంచుకోవడానికి, ఆయన చట్టబద్ధ వారసులుగా మేము అనుమతి ఇస్తున్నాము. ఈ అనుమతి ప్రపంచమంతటా, ఆ ఫైళ్లపై కాపీరైట్ ఉన్నంత కాలం వర్తిస్తుంది. దీనికి మేము డబ్బు ఏమీ తీసుకోలేదు. ఫైళ్లలో రచయితగా ఆయన పేరు యథాతథంగా ఉండాలి."

కింద ముగ్గురి పేర్లు, సంతకాలు, తేదీ, ఫైళ్ల జాబితా. "రాబోయే" అనే మాట కావాలనే పెట్టాను, రేపు వెర్షన్ 4 వస్తే మళ్లీ తిరగకుండా. పేరు గురించి ఆవిడ అడిగారు కాబట్టి ఆ చివరి వాక్యం ఉంచండి. జీపీఎల్ ఎలాగూ కాపీరైట్ నోటీసులు తీసేయనివ్వదు, కాబట్టి కొత్త షరతు పెట్టినట్టు కాదు.

చట్టం రాతపూర్వకంగా ఉండాలంటుంది. వాట్సాప్ "ఓకే" రాతే అని వాదించవచ్చు, కానీ దేనికి ఓకే? ఏ ఫైళ్లకి? అదే తేలదు. హ్యూస్టన్ అమ్మాయి సంతకం చేసి స్కాన్ పంపితే చాలు, ఆ మెయిల్ దాచండి. పూర్వ విద్యార్థి చేత కూడా ఇలాంటిదే రెండు లైన్లు మెయిల్‌లో రాయించుకోండి. ముందు తన ఉద్యోగ ఒప్పందం ఒకసారి చదువుకోమనండి, కొన్ని కంపెనీలు సొంత టైములో రాసింది కూడా మాదే అని రాయించుకుంటాయి. అలా ఉంటే కంపెనీ నుంచే అనుమతి తేవాలి, లేదా ఆ ముక్క వేరేవాళ్లు రాయాలి.

---

పాత_ఆడిటర్

ఆ హాష్ టేబుల్ తిరిగొచ్చిన మెయిల్ గురించి బాధపడకండి. దాన్ని పీకేయండి. మీ ఇంజిన్‌ని సి++ గా కంపైల్ చేయగలిగితే స్టాండర్డ్ లైబ్రరీలోనే అన్‌ఆర్డర్డ్ మ్యాప్ ఉంది. సి లోనే ఉంచాలంటే పాత ఫైలు చూడని కుర్రాడికి "ఈ ఫంక్షన్ పేర్లు, ఇది ఇస్తే ఇది రావాలి" అని మాత్రం కాగితం మీద రాసిచ్చి కొత్తగా రాయించండి. చదివినవాడు రాస్తే తెలియకుండానే అదే ఆకారం వస్తుంది. హాష్ టేబుల్ అంటే రెండో సంవత్సరం ల్యాబ్ ఎక్సర్‌సైజే కదా, ఇంటర్నల్ మార్కులు ఇవ్వండి. మార్చాక పాత, కొత్త ఇంజిన్లకి ఒకే వెయ్యి మాటలిచ్చి ఫలితాలు పోల్చండి. ముఖ్యంగా ద్రుత సంధులు.

అపాచీ లైబ్రరీని మాత్రం ఉంచండి. మార్చేద్దామని ఎవరో ఒకరు అంటారు, ఎడిట్ డిస్టెన్స్ (రెండు మాటలకి ఎన్ని తేడాలున్నాయనే లెక్క) మనమే రాసుకోవచ్చు అంటారు. తెలుగులో "స్త్రీ" అంటే మనకి ఒక్క అక్షరం, యూనికోడ్‌కి ఆరు కోడ్‌పాయింట్లు. లెక్క కోడ్‌పాయింట్ల మీద వేస్తే ఒక్క ఒత్తు తప్పినా రెండు తప్పుల కింద పోతుంది. దాన్ని సరిచేసి నడుస్తున్నది ఉందంటే కదపకండి.

కాగితాలు వచ్చాక ఇలా సర్దండి. యాప్ మొత్తానికి "జీపీఎల్ వెర్షన్ 3 లేదా ఆ తర్వాతిది" అని రాయండి, రీడ్‌మీలో ఎంఐటీ కొట్టేయండి. లైసెన్స్ పాఠాలన్నీ ఒక ఫోల్డర్‌లో: జీపీఎల్ వి3, అపాచీ 2.0, ఎంఐటీ, ఓఎఫ్ఎల్, సీసీ బై-ఎస్ఏ. పిల్లల ఫైళ్ల మీద ఎంఐటీ అలాగే ఉండనివ్వండి, వాళ్లు కోరుకుంటే వాటిని విడిగా వేరే యాప్‌లో వాడుకుంటారు. పెద్దాయన ఫైళ్ల మీద ఆయన రాసిన నోటీసులు ఒక్క అక్షరం మార్చకండి, ఆ రెండు ఫైళ్లలో తెలుగు లైను కింద "వారసుల అనుమతి పత్రం చూడండి" అని ఇంకో లైను చేర్చండి చాలు. అపాచీ లైబ్రరీతో నోటీస్ అనే ఫైలు వచ్చి ఉంటే దాన్ని కూడా యాప్‌లో చూపించాలి, అది మర్చిపోయేవాళ్లే ఎక్కువ. ప్రతి ఫైలు పైన ఎస్‌పీడీఎక్స్ లైను (లైసెన్స్ పేరు చెప్పే ప్రామాణిక గుర్తు) ఒకటి పెట్టించండి, కెర్నెల్ వాళ్లు 2017 నుంచి అలాగే చేస్తున్నారు. యూరప్ ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ వాళ్ల రీయూజ్ అనే టూల్ ఉంది, ఏ ఫైలుకి లైసెన్స్ లేదో అదే పట్టిస్తుంది. కొత్తగా కోడ్ పంపేవాళ్లకి ఆ టూల్ పాసైతేనే మెర్జ్ (అసలు కోడ్‌లో కలపడం) అని పెట్టండి. లేకపోతే వచ్చే బ్యాచ్‌లో ఎవడో ఇంకో నాన్-కమర్షియల్ లిస్టు తెస్తాడు.

సంతకాల కాగితం రిపోలో (కోడ్ అంతా బయటికి కనపడే చోట) పెట్టొద్దు, ఇంటి అడ్రసులు ఉంటాయి. ఫలానా తేదీన వారసుల అనుమతి తీసుకున్నాం, అసలు ప్రతి కాలేజీలో ఉంది అని మాత్రం రాయండి.

---

నిఘంటువు_లెక్చరర్

ఆవిడ, అబ్బాయి సంతకాలు పెట్టేశారు, హ్యూస్టన్ నుంచి స్కాన్ నిన్న రాత్రి వచ్చింది. పూర్వ విద్యార్థి ఒప్పందం చదివి, ఇబ్బంది లేదని మెయిల్ పెట్టాడు. హాష్ టేబుల్ రెండో సంవత్సరం అమ్మాయి కొత్తగా రాసింది. వెయ్యి మాటలు పోలిస్తే ఒక్కచోట తేడా వచ్చింది. చూస్తే తప్పు పాత హాష్ టేబుల్‌దే, దీర్ఘం ఉన్న ఒక ధాతువుని ఎప్పటినుంచో మింగేస్తోంది.

ఫాంట్ పూర్తిదే పెట్టేశాం. రీయూజ్ టూల్ ఇంకా రెండు ఐకాన్ల మీద అరుస్తోంది, అవి ఎక్కడివో ఎవరికీ గుర్తులేదు. వాటిని మళ్లీ గీయమన్నాను. అవి మారాక ఎఫ్-డ్రాయిడ్‌కి పంపుతాం.

బ్రౌన్‌లో "క" తీసుకోవడానికి ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి.